దారిలో వినకూడని కబురు

శ్రీకాకుళం నుంచి బొబ్బిలి వెళ్లే బస్సులో, ఈమధ్యే పోయిన మా అన్నయ్య రాసిన నవల చదువుతున్నాను. స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఒక సిపాయి కథ అది. పక్క సీటు పెద్దావిడ అట్ట మీది బొమ్మ చూసింది.

"మావోడూ మిలట్రీయే బాబూ. నాలుగు రోజులై ఫోన్ లేదు. కోడలి కాడికెల్తన్నాను. కథలో ఈడు ఇంటికొస్తాడా?"

చివరి పేజీ చూశాను. రాడు. చెప్పబోతే ఆపింది.

"సెప్పకు. సావు కబురు దార్లో ఇనకూడదు. నేల మీద కూకుని ఇనాల."

అన్నయ్య కబురు నేను బస్సులో నిలబడి విన్నాను.

ఇంతలో ఆమె ఫోన్ మోగింది. ఎత్తలేదు. బస్సు ఆపించి దిగింది. బస్సు కదిలాక వెనక్కి చూశాను. రోడ్డు పక్కన నేల మీద కూర్చుని, అప్పుడు ఫోన్ చెవికి పెట్టుకుంది.