మనిషివాసన

విరుదునగర్‌లో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటు తలుపు తీయగానే కాఫీ గింజలు వేగుతున్న వాసన వచ్చింది. మా తమ్ముడి కూతురు కొనాలనుకుంటున్న ఇల్లది. చూసి చెప్పమని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. వంటగదిలోకి తొంగిచూశాను. పొయ్యి లేదు, పెనం లేదు. గట్టు మీద ఒక చిన్న గాజుసీసా, దాని మూతిలోంచి సన్నటి ఆవిరి. మంట లేకుండానే ఆ వాసన. ఇళ్ళు చూపించే కుర్రవాడు నవ్వి, "దీన్ని హోమ్ స్టేజింగ్ అంటారు తాతా, అమ్మే ఇంటికి మనుషులున్న కళ తేవడం. అమెరికాలో కనిపెట్టారు. మన పక్క ఎవరికీ తెలియదు" అని తమిళంలో చెప్పాడు.

"కనిపెట్టారు" అన్నచోట నాకు మండింది. నేను ఐదో తరగతి దాటినవాణ్ణి కాను. తమిళనాట మా ఇళ్ళలో తెలుగు నోటికే గానీ చేతికి రాదు. పెళ్ళయ్యాక నాకు నేనే క్యాలెండర్ల మీద అక్షరాలు దిద్దుకున్నాను. అంత కష్టపడి నేర్చుకున్న మాటలను ఇలా ఇష్టం వచ్చినట్టు పారేస్తే ఊరుకోలేను. "అక్కడెవరో పేరు పెట్టారు అను, ఒప్పుకుంటాను. కనిపెట్టారు అనకు" అన్నాను. "అయితే మీ ఊళ్ళో మొదలుపెట్టారా?" అన్నాడు వెటకారంగా. అవునని చెప్పడానికి నోరు తెరిచి, మూసేశాను. కొండమ్మక్క బతికుంటే ఆ మాటకూ ఒప్పుకునేది కాదు.

తొంభైలలో కోవిల్‌పట్టిలో కొండమ్మక్క ఇళ్ళ బేరాలు కుదిర్చేది. అగ్గిపెట్టెల పని మానేసి నేను ఆమె దగ్గర చేరాను. ఆడదాని కింద పనేమిటని బస్టాండులో నవ్వారు. "నవ్వేవాళ్ళకు ఇల్లు అమ్మాలనుకో, ఎవుర్ని వెతుక్కోని వస్తారో చూస్తాం లే అప్పా" అనేది అక్క. ఖాళీ ఇల్లు ఎవరికైనా చూపించాల్సి వస్తే, ఆ పొద్దున్నే ఒక గోనెసంచితో అక్కడికి చేరేది. వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు వేసేది. పాలు పొయ్యి మీద పెట్టి అంచున ఒక్క బొట్టు పొంగనిచ్చేది. పెరట్లో తీగ మీద తడిపిన చీర ఆరవేసేది. ఆఖరున సంచి అడుగునుంచి ఒక ఆడపిల్ల చెప్పులజత తీసి, అప్పుడే ఎవరో విడిచి లోపలికి వెళ్ళినట్టు, ఒకటి కొంచెం వంకరగా, గుమ్మం పక్కన పెట్టేది. ఇదంతా ఇంటికి మనిషివాసన పెట్టడం అనేది. అంతా అయ్యాక మేమిద్దరం ఊరకే కూర్చునేవాళ్ళం. లోపలి గదిలో ఎవరో మా మాటలు వింటున్నట్టు, గొంతు తగ్గించి మాట్లాడేవాణ్ణి.

కొనేవాళ్ళు ఎవరైనా "ఇక్కడ ఎవరుంటున్నారు?" అంటే మాత్రం, "ఎవురూ లేరు. ఇవన్నీ నేను పెట్టినవే" అని మొహం మీదే చెప్పేది.

ఒకసారి అడిగాను. "ఈ పని ఎప్పుడు మొదలుపెట్టితివి అక్కా?"

"మొదలుపెట్టితినా? ఎవురు చెప్పినారు నీకు?" అంది. తిట్టిందే గానీ ఆ రోజే అంతా చెప్పింది. ఆమెకు ఒక్కతే కూతురు. ఒక వాననాడు చెప్పులు గుమ్మంలోనే వదిలి, పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. ఊళ్ళూ, బావులూ, రైలు కట్టా వెతికారు. దొరకలేదు. కొండమ్మక్క మాత్రం తెల్లవారగానే కూతురి కోసం పాలు కాచేది, దాని చీర తడిపి ఆరవేసేది, చెప్పులు కదపనిచ్చేది కాదు. మరుదులు ఆ ఇల్లు అమ్మకానికి పెట్టారు. చూడవచ్చినవాళ్ళు, ఇంట్లో కళ ఉందంటూ వెంటనే తీసుకున్నారు. ఆ సంగతి విని ఇంకొకరు మా ఇంట్లోనూ అలా చేయమని పిలిచారు.

"కూతురు పోయినాక మొదలైందా అయితే" అన్నాను.

"పోయినాక అనొద్దు. పోయింది అంటే చచ్చినట్టూ ఉంటుంది, యాడికో నడిచి పోయినట్టూ ఉంటుంది. నాకు రెండూ తెలీదు. రాలేదు. ఆ మాట ఒక్కటే నిజం. నేనూ ఏదీ మొదలుపెట్టలేదు. ఆపలేదు, అంతే."

తరవాత కొన్నాళ్ళకు విరుదునగర్‌లో, మిరప మండీల వెనక వీధిలో ఒక పాత ఇల్లు చూపించాం. మిట్టమధ్యాహ్నం. అంతటా మిరపఘాటు. నేతపని చేసే మన తెలుగువాళ్ళలోని ఒక చెల్లెమ్మ ఇల్లు చూడ్డానికి వచ్చింది. పెరట్లోకి వెళ్ళి తిరిగొచ్చి, మామూలుగానే అంది: "మీ పాప మంచిది అక్కా. చీర పక్కకు జరిపి నాకు దోవ ఇచ్చింది."

పెరట్లో ఎవరూ లేరు. గాలీ లేదు. చీర తీగ మీద ఒక కొసకు జరిగి ఉంది.

కొండమ్మక్క లేచి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "చూసితివా అమ్మా? లేదా చూసినట్టు ఉండిందా? నా మొహం చూసి చెప్పొద్దు. జరిగింది చెప్పు."

ఒక్క 'చూశాను' కోసం ఆ తల్లి అన్నేళ్ళు పాలు కాచింది. చెప్పేయమ్మా అని లోపల్లోపల నేను మొక్కుకున్నాను. ఆ చెల్లెమ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించింది. "చూసినట్టు ఉండింది అక్కా" అంది చివరికి.

కొండమ్మక్క చేతులు వదిలేసింది. గుమ్మంలో చతికిలబడి ఆ చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయింది. "సరి. బాగా చెప్తివి" అంది కాసేపటికి.

ఆమె కన్నుమూసి చాలా ఏళ్ళయింది. గోనెసంచి నాకిచ్చి వెళ్ళింది. అపార్ట్‌మెంటు కుర్రవాడికి ఇంత కథ చెప్పలేదు. "నువ్వు ఎవరి దగ్గర నేర్చుకున్నావో ఆ పేరు చెప్పు, చాలు. అంతకు ముందున్నది నీకు తెలియదని చెప్పు" అని వచ్చేశాను. నా భార్య చనిపోయాక ఒంటరివాణ్ణి, ఆ చెప్పులు నా గుమ్మం పక్కనే ఉంటాయి. ఎవరైనా "ఇంట్లో ఆడపిల్ల ఉందా?" అంటే, "లేదు, చెప్పులున్నాయి" అంటాను.

రాత్రి కోవిల్‌పట్టిలో వాన పడలేదు. వాకిలి పొడిగా ఉంది. పొద్దున తలుపు తీసి చూస్తే చెప్పులు తడిసినట్టు ఉన్నాయి. అలాగే రాయబోయి కలం ఆపాను. లేచి వెళ్ళి, వంగి, వేలితో తాకి చూసి వచ్చాను.

తడిసి ఉన్నాయి.