వంతెన దగ్గర పదకొండు సెకన్లు

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెప్తే వాళ్లను అక్కడే నిలబెట్టి నాలుగు ప్రశ్నలు అడగడం నాకు అలవాటు. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఇంకెవరు చూశారు, నీకు ముందే ఎవరైనా చెప్పారా? జూనియర్ కాలేజీలో పదహారేళ్లు చరిత్ర చెప్పినదాన్ని. ఆధారం లేని మాట వింటే నాకు ఒళ్లు మంట. మా చుట్టాల్లో సగం మంది నన్ను పెళ్లిళ్లలో దూరంగా కూర్చోబెట్టడానికి ఇదొక కారణం.

అందుకే ఇది రాయాలంటే నాకే చిరాగ్గా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

నరసరావుపేటలో మా కాలేజీ హిస్టరీ గ్రూపు ఎత్తేశాక ఇంట్లోనే రాతపని చేసుకుంటున్నాను. నిరుడు అమెరికా నుంచి ఒక పని వచ్చింది. నది ఒడ్డున ఒక నగరం, మరీ పెద్దది కాదు, చిన్నదీ కాదు. పేరు బయటపెట్టనని సంతకం చేశాను కాబట్టి రాయను. ఆ ఊరు చూడటానికి వచ్చే తెలుగువాళ్ల కోసం ఫోన్లో వినే గైడ్ కావాలన్నారు. ఒక్కో చోట నిలబడి బటన్ నొక్కితే నా గొంతు ఆ చోటి చరిత్ర చెప్తుంది.

చోట్లు మొత్తం వాళ్లే పంపారు. గడియారం ఉన్న పాత కోర్టు. మూతపడిన పిండిమిల్లు, దాని ఎర్రిటుకల పొగగొట్టం. రైళ్లు రావడం మానేశాక హోటలుగా మారిన స్టేషను. అన్నిటికంటే పేరున్నది నది మీది పాత ఇనుప వంతెన. ఇప్పుడు దాని మీద బళ్లు వెళ్లవు, మనుషులే నడుస్తారు. వంతెన ఎక్కే చోట దాన్ని కట్టిన ఇంజినీరు విగ్రహం ఉంది.

కట్టిన ఇంజినీరట! ఆయన ఒక్క రాయైనా ఎత్తాడా? నాకు అక్కడే కాలింది. ఆ ఊరి పాత పత్రికలు ఆన్‌లైన్లో ఉంటే కూర్చుని వెతికాను. దొరికింది. వంతెన స్తంభాలకు రాళ్లు మోస్తుండగా చెక్కలు విరిగి కొందరు కూలీలు నదిలో పడి చనిపోయారు. ఎంతమందో రాయలేదు. పేర్లు రాయలేదు. అదే వార్తలో, వాళ్లతోపాటు మునిగిపోయిన ఇంజినీరు గారి గుర్రం పేరు మాత్రం రాశారు. గుర్రం పేరు!

నేను స్క్రిప్టులో ఒకే ఒక్క వాక్యం చేర్చాను: ‘ఈ స్తంభాలకు రాళ్లు మోస్తూ కొందరు ఇక్కడే చనిపోయారు, వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.’

అక్కడ ఈ పని చూసే సుధారాణి అనే అమ్మాయి ఫోన్ చేసింది. “లైన్ బాగుంది మేడం, కానీ కొంచెం నెగటివ్‌గా ఉందండీ. అది ఫొటోలు దిగే స్పాట్ కదా.”

“ఎక్కడ నిలబడి పళ్లికిలిస్తున్నారో తెలిస్తే ఫొటో చెడిపోతుందామ్మా?” అన్నాను.

మూడు రోజులు పోట్లాడాను. వాక్యం తీసేశారు.

నా కోపం ఆ ఒక్క వంతెన గురించే కాదు. మా అమ్మమ్మది కారంపూడి దగ్గర పల్లె. వయసులో ఉండగా కాలవ మీద వంతెన కడుతుంటే రాళ్లు మోసింది. వాలుగా వేసిన చెక్కల మీదుగా ఆడవాళ్లు నెత్తిన చుట్టకుదురు, దాని మీద రాయి పెట్టుకుని ఎక్కేవాళ్లట. ఒకరోజు మలుపు దగ్గర వెంకాయమ్మ అనే ఆమె జారి పడి చనిపోయింది. మర్నాటి నుంచి ఆ మలుపు రాగానే ముఠాలో అందరూ ఒకే మాట అనేవాళ్లట: “జరుగమ్మా ఎంకాయమ్మా, బరువుతో వస్తన్నాం.”

వంతెన పూర్తయినా అమ్మమ్మకు ఆ మాట పోలేదు. నీళ్ల బిందెతో గడప దాటినా, గడ్డిమోపుతో సందులోకి తిరిగినా అదే మాట. చిన్నప్పుడు మేం నవ్వేవాళ్లం. ఆ వంతెన మీద శంకుస్థాపన చేసినాయన పేరుతో పలక ఉంది. వెంకాయమ్మ పేరు మా అమ్మమ్మ నోట్లో తప్ప ఎక్కడా లేదు.

రికార్డింగు ఫ్లెక్సీ షాపు పైగదిలో, పొద్దున పదకొండింటికి. మైకు కోసం ఫ్యాన్ ఆపేశారు. రికార్డు చేసేది కరీముల్లా, పెళ్లి డీజేలకూ ఆటో ప్రచారాలకూ గొంతులు పట్టే మనిషి. వంతెన భాగం రాగానే నాకు తిక్కరేగింది. కొట్టేసిన వాక్యాన్ని గట్టిగా చదివేశాను. ఆగకుండా దాని వెంటే అమ్మమ్మ మాట కూడా అనేశాను.

“అక్కా, ఆ లైను తీసేశారుగా! మళ్లా ఏందిది?”

“నోరు మూసుకుని రికార్డు చెయ్.”

“నేను మూసుకుంటా అక్కా, మైకు మూసుకోదుగా!”

ఆ ముక్క నా ముందే తీసేశాడు. ఆ వాక్యం కొట్టేయకముందే సంగీతం కొలతలు పంపేశాం, అవి మారకూడదని ముక్క పోయిన చోటును ఖాళీగా వదిలాడు. పదకొండు సెకన్లు. తెర మీద గొంతు గీత అక్కడ చదునుగా ఉంది. హెడ్‌ఫోన్లతో నేను రెండుసార్లు విన్నాను. ఏమీ లేదు.

నెల తర్వాత ఒక పొద్దున సుధారాణి వీడియో కాల్ చేసింది. అక్కడ సాయంత్రం, ఇంకా ఎండ ఉంది. తను వంతెన మీదే ఉంది.

“మేడం, బ్రిడ్జి దగ్గర ఆడియోలో ఏం పెట్టారు? నిజం చెప్పండి.”

“మీరు కొట్టేయగా మిగిలింది పెట్టాను.”

“మరి వీళ్లంతా ఎందుకు పక్కకు జరుగుతున్నారు?”

ఫోన్ అటు తిప్పింది. తెలుగువాళ్ల గుంపు, పదిమంది దాకా. చెవుల్లో నా గొంతు. నడుస్తూ నడుస్తూ ఒక్కొక్కరుగా ఆగి, దారి వదిలి కమ్మీకి ఆనుకున్నారు. ఒకాయన భార్య మోచేయి పట్టుకుని పక్కకు లాగాడు. కాసేపు అలాగే నిలబడి మళ్లీ నడిచారు. మూడు వారాలుగా వచ్చిన ప్రతి గుంపూ ఇలాగే చేస్తోందట. ఇంగ్లిషు గైడ్ వినేవాళ్లు జరగడం లేదట.

ఖాళీ వస్తే జనం ఆగుతారు, అందులో వింత లేదు అన్నాను. కానీ ఆగడం వేరు, దారి ఇవ్వడం వేరు. అది నాకూ తెలుసు.

ఆ గుంపులో ఒక పెద్దావిడకు ఫోన్ ఇమ్మన్నాను. చిలకలూరిపేటలో బట్టల షాపట. ఎందుకు జరిగారని అడిగాను.

“దారియ్యొద్దా తల్లీ?” అంది, నాకు బుద్ధి లేనట్టు. “నెత్తిన రాళ్లతో వస్తంటే అడ్డం నిలబడతామా ఏంది?”

“ఎవరు వస్తుంటే అమ్మా?”

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఫోన్ సుధారాణి చేతిలో పెట్టేసి వెళ్లిపోయింది.

రాళ్ల మాట ఎవరికైనా చెప్పావా అని సుధారాణిని నిలదీశాను. చెప్పలేదని బిడ్డ మీద ఒట్టు వేసింది. అమ్మమ్మ మాట సంగతి ఆ పిల్లకు అసలు తెలియనే తెలియదు. అది కరీముల్లాకు, నాకు మాత్రమే తెలుసు. తీసేసిన ముక్కను వాడు ఆ రోజే చెరిపేశాడు.

ఇప్పుడు ఆ ఖాళీలో సంగీతం నింపుతామంటున్నారు. వాక్యం పెడతారా పెట్టండి, లేకపోతే ఆ పదకొండు సెకన్ల జోలికి రావద్దు అని చెప్పాను. ఇంతవరకూ వాక్యం పెట్టలేదు, ఖాళీ నింపనూ లేదు. జనం ఇంకా జరుగుతూనే ఉన్నారట.

నేను అందరినీ అడిగే నాలుగు ప్రశ్నలూ నన్ను నేనే అడుక్కున్నాను. నాలుగింటికీ జవాబుంది. అయినా అదేమిటో నాకు తెలియదు. తెలియదు అని రాయడం నాకు ఎంత కష్టమో నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు.

మొన్న బియ్యం బస్తా ఎత్తుకుని గడప దాటుతుంటే అమ్మమ్మ మాట నా నోటిదాకా వచ్చింది. జరగమని అడగాలో, నేనే పక్కకు జరగాలో తెలియక బస్తాతో అక్కడే నిలబడిపోయాను.