తెల్లచీర మీదికి జాకెట్టు

ఫేబీకి నీళ్ళంటే భయం. ఆ మాట ఎవరికైనా చెప్పుకోవాలంటే సిగ్గు. పుట్టింది గోదావరి డెల్టాలో, పాలకొల్లు దగ్గర, కాలువ గట్టు మీది ఇంట్లో మరి. చేపపిల్లకి ఈత రాదంటే ఎవరు నమ్ముతారు?

వాళ్ళ ఊరి సంఘంలో బాప్తిస్మం తొట్టెలో ఇవ్వరు, కాలువలో ఇస్తారు. జూన్‌లో కాలువకి నీళ్ళు వదిలాక ఓ ఆదివారం పొద్దున్నే అందరూ రేవు దగ్గర చేరతారు. పాస్టరుగారు నడుము లోతు నీళ్ళలో నిలబడతారు. తెల్లచీరలు కట్టుకున్న ఆడపిల్లలు ఒక్కొక్కరే మెట్లు దిగుతుంటే గట్టు మీదివాళ్ళు పాట అందుకుంటారు. పిల్ల మునిగి లేచేదాకా పాట ఆగకూడదు. ఫేబీ ఇంటర్ చదివే రోజుల్లో ఆమె వంతు కూడా వచ్చింది. మోకాళ్ళ లోతుకి దిగింది. అరికాలికి పాచి తగిలింది. చిన్నప్పుడు అదే రేవులో జారిపడి, ఆ పచ్చటి చీకట్లో ఊపిరాడక కొట్టుకుంటుంటే అమ్మ జడ పట్టుకుని పైకి లాగింది. అదంతా మళ్ళీ కళ్ళముందు నిలబడింది. ఇక ముందుకు పోదు, వెనక్కి రాదు. పాపం సంఘంవాళ్ళు మాత్రం ఏం చేస్తారు? అదే పల్లవి పాడిందే పాడారు. గొంతులు బొంగురుపోయాయి. చివరికి ఫేబీ తడిసిన కుచ్చిళ్ళు పట్టుకుని గట్టెక్కేసింది.

ఆ తర్వాత ఊళ్ళో నోళ్ళకి కొన్నాళ్ళు తీరిక లేదు. వాళ్ళమ్మ స్వర్ణకుమారి మాత్రం ఒక్కటే అంది. "నీకు దిగాలనిపించినప్పుడే దిగు. బలవంతపు బాప్తిస్మం దేవుడికి మాత్రం ఎందుకే?"

ఫేబీ కెనడా వచ్చి మిస్సిసాగాలో సూట్‌కేసు విప్పితే ఆవకాయ సీసాల కింద కొత్త తెల్లచీర కనిపించింది. అమ్మ దాని సంగతి ఫోన్లో ఏనాడూ ఎత్తలేదు. ఈమె కూడా ఎత్తలేదు. చీర అడుగునే ఉండిపోయింది.

ఇప్పుడా చీర మళ్ళీ గుర్తుకొచ్చే పని పడింది. ఇక్కడి తెలుగు చర్చి పాస్టరు ఆనందబాబు గారు, వచ్చే నెల్లో లేక్ దగ్గర బాప్తిస్మాలు ఉన్నాయని, పేర్లు ఈ ఆదివారంలోగా ఇవ్వాలని చెప్పారు. "నువ్వూ పేరిస్తావామ్మా?" అని ఆయన మెల్లగా అడిగితే, "ఆలోచించి చెప్తానంకుల్" అంది ఫేబీ. ఆలోచించడానికి ఏముంది? ఆమెకది కావాలి. కావాలని రాత్రీ పగలూ ప్రార్థన చేసుకుంటూనే ఉంది. లేనిది భక్తి కాదు, నీళ్ళలో దిగే కాళ్ళు.

ఆ ఆదివారానికి ముందు శనివారమే, అక్కడి పాత కాలువ చూడ్డానికని, రాజధాని ఆటవాకి ప్రయాణం పెట్టుకున్నారు. కారు క్రిస్టోది. ఆనందబాబు గారి అబ్బాయే, ఇక్కడే పుట్టి పెరిగాడు, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతాడు. ముందు సీట్లో స్పందన, ఫేబీతో బేస్‌మెంట్ పంచుకునే హైదరాబాదు పిల్ల. వెనక సీట్లో ఫేబీ, ఒళ్ళో పులిహోర డబ్బా. ఇంకా తెల్లవారలేదు. నాలుగొందల ఒకటో హైవే మీద పొగమంచు దూది పరిచినట్టుంది. ఫేబీ కళ్ళు మూతపడ్డాయి. సగం నిద్రలో కారు పడవైంది, రోడ్డు కాలువైంది, పక్కన లారీల హోరు ఏదో పెద్ద పాటలా వినపడింది, ఎవరో ఆపకుండా పాడుతున్నట్టు. మెలకువ వచ్చేసరికి ఎండ పడి పొలాలు మెరుస్తున్నాయి.

"మీ ఊళ్ళో ఇంటిముందే కాలువ పెట్టుకుని, కాలువ చూడనీకి ఇంత దూరం వస్తున్నవ్. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఇందుకే అంటరు" అంది స్పందన.

ఆటవాలో కారు దిగి నాలుగడుగులు వేశారో లేదో ఫేబీ ఆగిపోయింది. ఒకవైపు గుట్ట మీద పార్లమెంటు, ఇంకోవైపు కోటలాంటి హోటలు, మధ్యలో మెట్లుమెట్లుగా కిందున్న నదిలోకి దిగిపోతున్న రాతి కాలువ. మెట్టుమెట్టుకీ పెద్ద చెక్క తలుపులు.

"లాకులు!" అంది గట్టిగా. "ఇవి మా లాకులే! మా దగ్గరా ఇట్టాగే ఉంటాయి."

"సో యు ఆర్ ద గైడ్ టుడే" అని నవ్వాడు క్రిస్టో.

కానీ స్పందన అప్పటికే పై కాలువలో తిరిగే టూరిస్టు పడవకి మూడు టికెట్లు కొనేసింది. ఫేబీ రెండడుగులు వెనక్కి వేసింది. "మీరెళ్ళండి, బ్యాగులు నేను చూసుకుంటా."

"బ్యాగులు చూసుకోనీకేనా వచ్చినవ్? ఎప్పుడూ ఇంతే నువ్వు." స్పందనకి నిజంగానే కోపం వచ్చింది. పడవకింకా టైముంది గనక ఆ విషయం అక్కడితో ఆపి, క్రిస్టోతో కలిసి కాఫీకి వెళ్ళింది.

ఫేబీ ఒక్కతే లాకుల పక్క మెట్లు దిగి కిందిదాకా వెళ్ళింది. నదిలోంచి చిన్న పడవ ఒకటి వచ్చి మొదటి లాకులోకి చేరింది. అందులో టోపీ పెట్టుకున్న ఒకావిడ, అమ్మ వయసుంటుంది. వెనక తలుపులు మూసుకున్నాయి. లాకు మనుషులు ఇనుప పిడి పట్టుకుని గిరగిరా తిప్పారు. అడుగునుంచి నీళ్ళు బుడగలు బుడగలుగా వచ్చాయి. చీకటి రాతిగోడల మధ్య, అంత లోతున ఉన్న పడవ చప్పుడు లేకుండా పైకి రావడం మొదలెట్టింది. ఆవిడ టోపీ, ఆ తర్వాత మొహం, ఆ తర్వాత చేతులు. చూస్తుండగానే పడవ ఫేబీ కాళ్ళ దగ్గరికి వచ్చి నిలిచింది. ఆవిడ హాయ్ అంది.

చిన్నప్పుడు ఊళ్ళో లాకుల్ని ఎన్నిసార్లు చూసిందో. కానీ అప్పుడు దూరంగా, అమ్మ కొంగు పట్టుకుని చూసింది. నీళ్ళు మనిషిని కిందికి లాగడమే ఆమెకి తెలుసు. పైకి ఎత్తుతాయని ఎవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మేది కాదు.

పడవ రెండో లాకులోకి వెళ్ళింది. ఫేబీ కూడా పక్కన మెట్లెక్కింది. మూడోదాంట్లోకి వెళ్ళింది. ఆమె కూడా వెళ్ళింది. ఎండలో అంతా కలలో జరుగుతున్నట్టుంది. పడవ లోతుకి పోయినట్టు కనపడడం, మళ్ళీ తేలి రావడం, ఆవిడ ప్రతిసారీ పాత స్నేహితురాలిలా తల ఊపడం. అన్నిటికన్నా పై లాకులో ఆవిడ తాడు కొస ఫేబీ వైపు విసిరి, కాసేపు పట్టుకోమని అడిగింది.

తాడు తడిగా, చల్లగా ఉంది. ఫేబీ గట్టు అంచున మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకుంది. నీళ్ళు పైకి వచ్చేకొద్దీ తాడు వదులవుతోంది, ఆమె దాన్ని చేతికి చుట్టుకుంటోంది. నీళ్ళు వచ్చి వచ్చి ఆమె మోకాళ్ళకి కాస్త దిగువన ఆగాయి. భయం పోలేదు. కానీ ఈసారి లేచి పారిపోవాలనిపించలేదు. మెల్లగా చెయ్యి చాచి నీళ్ళ మీద పెట్టింది. అలాగే ఉంచింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. పడవావిడ తాడు వెనక్కి తీసుకుంది.

స్పందన, క్రిస్టో టికెట్ల పడవెక్కి కూర్చునేసరికి ఫేబీ పరుగెత్తుకుంటూ వచ్చింది. మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది. స్పందన చెయ్యి చాపింది. ఫేబీ ఆ చెయ్యి పట్టుకుని ఎక్కి, అంచు సీట్లోనే కూర్చుంది.

"క్రిస్టో, మీ డాడీకి నా పేరు చెప్పు" అంది రొప్పుతూ.

"ఫర్ ద లేక్? షూర్?"

"షూర్."

వెంటనే అమ్మకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. అక్కడ కుటుంబ ప్రార్థన అయి పక్కలేసుకునే వేళ.

"అమ్మా, నువ్వు పెట్టిన తెల్లచీర ఉంది కదా. దాని మీదికి జాకెట్టేదీ? చీర ఒక్కటే ఉంది."

"పెట్టలేదే" అంది స్వర్ణకుమారి. "గుడ్డ కొని బీరువాలో ఉంచా. నువ్వడగకుండా కుట్టిస్తే నిన్ను తరిమినట్టుంటుందని ఊరుకున్నా. పక్కింటి సరోజగారి అమ్మాయి వచ్చే వారం అక్కడికే వస్తోంది, ఇచ్చి పంపుతా. కొలతలు చెప్పు."

"ఇప్పుడా? టేపు లేదమ్మా, పడవలో ఉన్నా."

"పడవలోనా! నువ్వా!" అని ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. "పక్కన స్పందన ఉంటే జానతో కొలవమను. తర్వాత మళ్ళీ చూసుకుందాం."

విషయం సగమే అర్థమైనా స్పందన ఫేబీ చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది. భుజం నుంచి మోచేతి పైదాకా బొటనవేలూ చిటికెనవేలూ చాపి కొలుస్తూ, "ఆంటీ, జానెడు మీద రెండు వేళ్ళు!" అని ఫోన్లోకి అరిచింది. "ఇంకొంచెం పొడుగు పెట్టించమ్మా, చలి" అంది ఫేబీ. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

పడవ ఎప్పుడు కదిలిందో ఫేబీ చూసుకోనే లేదు.