గొడుగురాయి నీడ

ఎడారి గుట్టలు చూడవచ్చిన వాళ్లను జీపులో తిప్పే ఆ డ్రైవరుకు యాభై దాటాయి. దారి పొడవునా పెదవి విప్పడు. "రాళ్లయినా నయం, దొర్లితే చప్పుడు చేస్తాయి," అంటుంది భార్య. గాలి చెక్కిన ఎర్రటి గుట్టలు ఎండలో నీళ్ల మీద తేలుతున్నట్టు ఊగుతుంటాయి. వాటి నడుమ, సన్నటి మెడ మీద పెద్ద బండను మోస్తూ గొడుగురాయి ఉండేది. ఆయన జీపు అక్కడే ఆపి, ఎవరి తలా తగలకుండా బండ అంచుకు అరచెయ్యి అడ్డం పెట్టి, ఒక్కొక్కరినే నీడలోకి పిలిచి మంచినీళ్లు పోసేవాడు. పోయినేడు ఎన్నడూ లేని వాన కురిసి, ఆ మెడ విరిగింది. బండ దొర్లి లోయలో ముక్కలైంది. ఆయన మాత్రం ఇప్పటికీ అక్కడే ఆపుతాడు. తల వంచి నాలుగడుగులు వేసి, మండుటెండలో నిలబడి నీళ్ల క్యాను మూత తీస్తాడు.

మొన్న ఒక పొడుగాటి పెద్దమనిషికి నవ్వాగలేదు. "ఏమయ్యా, అక్కడేముందని వంగావు?"

"మీరు నాకంటే పొడుగు సార్. ఇంకాస్త వంగాలి," అంటూ డ్రైవరు చెయ్యెత్తి, గాలిలో ఒకచోట అరచెయ్యి అడ్డం పెట్టాడు.

పెద్దమనిషి ఆ చేతి వంక కాసేపు చూశాడు. తర్వాత టోపీ తీసి, బాగా వంగి, లోపలికి వచ్చాడు.