రెండు మేకుల ఫోటోలు

మా అక్క మొగుడు ఫోటోగ్రాఫరు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఫోటోల్లో మనుషులందరూ ఎడమ పక్కకి కాస్త వాలి ఉంటారు. పెళ్ళికొడుకూ అంతే, పాలబుగ్గల పసివాడూ అంతే, సోఫా నిండా కూర్చున్న జడ్జీగారూ అంతే. గీత వంకరైతే ఊరుకోని మా కాన్వెంట్ బడి సిస్టరు చూసుంటే స్కేలుతో బావ వేళ్ళు వాయించేది. పేపరువాళ్ళు మాత్రం ‘ఒరిగిన శైలి’ అని మెచ్చుకున్నారు. బావ తడుముకోకుండా, గుండె బరువు ఆ పక్కనే కదా అన్నాడు.

నిజానికి ఆయన నమ్మింది బుడగని. కెమెరా స్టాండుకి చిన్న గాజు గొట్టం ఉండేది. అందులో బుడగ మధ్యకి వస్తే స్టాండు సమంగా ఉన్నట్టు. అది వచ్చేదాకా బటన్ నొక్కేవాడు కాదు. ఫోటోలో తలుపులు కూడా ఒరిగితే, కట్టిన మేస్త్రీని తిట్టేవాడు. ఎవరింటికెళ్ళినా తన ఫోటో గోడకి వంకరగానే వేలాడేది. ఈ ఊళ్ళో ఒక్కడికీ మేకు కొట్టడం రాదని సణుక్కుంటూ, దాన్ని సరిచేశాకే టీ ముట్టేవాడు.

పోయినేడు గ్రంథాలయం హాల్లో ఆయన ఫోటోలు ప్రదర్శనకి పెట్టారు. సన్మానం చేస్తాం, మీ శైలి గురించి మాట్లాడండి అన్నారు. ముందురోజు స్టూడియోలో అరలు బిగించడానికి మేస్త్రీ వస్తే, మీరు కట్టినవన్నీ వంకరేనని బావ అలవాటుగా దెప్పాడు. మేస్త్రీ గోడల వాటం చూసే తన రసమట్టం తీసి స్టాండు మీద పెట్టాడు. దాని బుడగ ఓ చివరికి పరుగెత్తింది. బావ బుడగ మాత్రం మధ్యలో హాయిగా కూర్చుంది.

పెళ్ళైన కొత్తలో స్టాండు పడి గొట్టం ఊడితే, జిగురుతో తనే అంటించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ముప్ఫై ఏళ్ళ కళ అర చెంచా జిగురని తేలితే బావ ఏ మొహంతో వేదికెక్కుతాడు? సన్మానానికి రానని మొండికేశాడు.

“ఇన్నాళ్ళూ తెలియక చేశారు. రేపు దాస్తే మాత్రం తెలిసి చేసినట్టే” అంది అక్క.

మర్నాడు హాల్లో అడుగుపెట్టి బావ గుమ్మంలోనే ఆగిపోయాడు. గోడల మీద ఒక్క మనిషీ వాలి లేడు. అందరూ నిటారుగా ఉన్నారు. ఒరిగింది చట్రాలు. అటెండరు స్టూలెక్కి చివరి ఫోటోకి రెండో మేకు కొడుతున్నాడు, మొదటిదానికంటే రెండు వేళ్ళు కిందగా.

“ఇదేంటయ్యా?”

“మీ ఫోటో అంటే రెండు మేకులు కదా సార్. ఊరంతా ఇంతే. మీరు సరిచేసి వెళ్ళాక మా ఆవిడ మళ్ళీ వంచుకుంటుంది.”

“మరి ఒక్కరూ నాకు చెప్పలేదేం?”

“మీరు ఆ బుడగని అంత ముద్దుగా చూసుకుంటారు. ఎలా చెప్తాం?”

బావ వేదికెక్కాడు. స్టాండు నుంచి ఊడబీకి తెచ్చిన గాజు గొట్టం జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. జనంలో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. ఆయనకి తగిలిన రెండో దెబ్బ అది.

తిరిగొస్తూ మా ఇంటికి వచ్చాడు. అలవాటుగా చెయ్యి మా పెళ్ళి ఫోటో మీదికి వెళ్ళింది. ఆగింది. చట్రాన్ని అలాగే వదిలేసి, కింది మేకు గట్టిగా ఉందో లేదో బొటనవేలితో నొక్కి చూశాడు.