తెర వెనక అమ్మవారి కళ్లు

ఆళ్లగడ్డలో మా చిన్నప్పుడు... ఇంటి ముందు పందిట్లో నాయన రాతి అమ్మవారికి కళ్లు చెక్కుతున్నాడు. విగ్రహానికి కళ్లు అన్నిటికంటే చివర. ఆ రోజు చుట్టూ తెర కట్టి, ఎదురుగా అద్దం పెట్టేవాళ్లు. తొలిచూపు అద్దం మీదే పడాలి, మనిషి మీద పడితే ఆ మనిషికి కళ్లు పోతాయని అవ్వ చెప్పేది.

వద్దన్న పనే చేయాలనిపించే వయసు... నాకు ఎనిమిదేళ్లు. తెర కింద దూరి చూశాను. నల్లరాతిలో రెండు కళ్లు, నా వైపే. పైప్రాణాలు పైనే పోయాయి.

ఎవరికీ చెప్పలేదు. రోజూ ఒక్కో కన్ను మూసి క్యాలెండర్లో అంకెలు చదువుకునేదాన్ని. ఇవాళ కనబడుతున్నాయి... రేపో? అన్నం సయించేది కాదు.

నాలుగో రోజు ఇంకో విగ్రహం చెక్కుతుంటే రాతి పెళ్ల ఎగిరి నాయన కంట్లో పడింది. నాకు పోవాల్సిన కన్ను నాయనకు పోతోందనుకున్నాను...

అమ్మ, అక్క, నేను నాయనతో బస్సెక్కి నంద్యాల కంటి డాక్టరు దగ్గరికి పోయాం. నాయన తువ్వాలుతో కన్ను అదుముకుని కూర్చున్నాడు. ఆస్పత్రి బల్ల మీద కూర్చుని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, ఆ అమ్మవారికి తప్ప. ఆమెను తలుచుకోవాలంటేనే వణుకు.

కన్ను దక్కింది. తిరుగు బస్సులో ఏడుస్తూ అంతా చెప్పేశాను. కంటికి కట్టుతోనే నాయన నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

“రాళ్లు కొట్టేటోని కంట్లో రాయి గాక ఏం పడతాదే... ఊరికే ఉండు.”

ఏ కష్టమొచ్చినా ఇన్నేళ్లూ ఆ మాటే పట్టుకుని బతికాను. నాయన పోయాక మరీను.

మొన్న నంద్యాలలో అక్క పిల్లలకు ఈ సంగతి చెబుతుంటే, అక్క రొట్టెలు కాలుస్తూనే అంది.

“నువ్వు యాడ చూసినావ్? తెర కింద దూరింది నేను. నువ్వు గడపకాడ నిలబడి ఏడుస్తాంటివి.”

పైకి నవ్వేశాను. ఆ కళ్లు ఇప్పటికీ నా ఎదురుగా ఉన్నాయే... చూడకుండానే ఎలా గుర్తున్నాయి? అక్క చెప్పగా విన్నవేనా?

ఇప్పుడు ఆ పందిరి లేదు. ఆళ్లగడ్డలో ఉలి కన్నా మిషన్ల చప్పుడే ఎక్కువ. అడుగుదామంటే అమ్మ కూడా లేదు. ఆ రోజు సంగతి తెలిసింది ఇక అక్కకు ఒక్కదానికే.

మీ ఇళ్లలోనూ ఒకే జ్ఞాపకాన్ని ఇద్దరు నాదంటే నాదన్నారా? ఎలా తేల్చుకున్నారో కాస్త చెప్పండి... నేనైతే ఆ బస్సులో నాయన ఒళ్లో కూర్చున్నది ఎవరని అక్కను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.