టీచరమ్మ ఉదాహరణలు

టీచరమ్మకి భూతకాలమంటే చిన్నచూపు. జరిగిపోయింది ఎవరైనా చెప్తారు, జరగబోయేది ఇంగ్లీషులో తడబడకుండా చెప్పడంలోనే మనిషి సత్తా తెలుస్తుందని ఆవిడ గట్టి నమ్మకం. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లల చేత ఆ పాఠమే వల్లె వేయించి రిటైరైంది. ఆ ముప్పై ఏళ్ళూ ఉన్నది తమ్ముడింట్లో, హాల్లో మడతమంచం మీద. మరదలు మంచిదే, వంక పెట్టడానికి లేదు. కాకపోతే అందరూ టీవీ చూడటం అయ్యాక గాని టీచరమ్మ మంచం వాల్చుకునే వీలుండేది కాదు.

రిటైరైన నెలలోనే ఈ మేడమీద గది అద్దెకి తీసుకుంది. యాభై ఎనిమిదేళ్ళకి మొట్టమొదటిసారి తన గదికి తన తాళంచెవి. అది సంచిలో ఉందో లేదో రోజుకి నాలుగుసార్లు తడిమి చూసుకునేది. గోడకి నల్లబల్ల కొట్టించి, సాయంత్రాలు పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టింది. ఒక బస్సు డ్రైవరు, ఒక నర్సు, ఇంకో ఆరుగురు వచ్చేవారు. కింద వాటాలో ఇంటావిడ ఉంటుంది. డెబ్భై దాటిన మనిషి, టీచరమ్మ ఆవిడని పిన్నిగారూ అంటుంది. పిన్నిగారు క్లాసుకి రాదు. మెట్ల కింద కుర్చీ వేసుకుని, బీన్సు తరుగుతూ, ఓ చెవి మేడమీద పడేస్తుంది. మూడేళ్ళలో అలా సగం ఇంగ్లీషు ఊరికే నేర్చేసుకుంది.

పుస్తకంలో ఉదాహరణలు మరీ చప్పగా ఉంటాయని టీచరమ్మ సొంతవి చెప్పేది. అప్పటికప్పుడు అనుకున్నదానికి ఒక వాక్యం, ఎప్పట్నుంచో మనసులో ఉన్నదానికి ఇంకొకటి, తేదీతో సహా ఖాయమైనదానికి మరొకటి. ఈత నేర్చుకోబోతున్నాను. వచ్చే ఆదివారం ఓడెక్కుతున్నాను. అంతా నిజమనుకుని నర్సు ఆవిడకి ఈతటోపీ కొని తెచ్చిచ్చింది. ఓడ ప్రయాణం ఎలా జరిగిందని డ్రైవరు సోమవారం అడిగాడు. అవి ఉత్త ఉదాహరణలని చెప్తే పాపం ఇద్దరూ చిన్నబుచ్చుకున్నారు.

అప్పటికైనా ఆవిడ జాగ్రత్తపడాల్సింది. పడలేదు. ఓ బుధవారం ఖాయమైన పనుల పాఠం వచ్చింది. వేరే ఏదీ తోచక, ‘ముప్పయ్యో తారీకున ఈ గది ఖాళీ చేస్తున్నాను’ అని ఇంగ్లీషులో బోర్డు మీద రాసి, ఎనిమిదిమంది చేత పదేసిసార్లు గొంతెత్తి చెప్పించింది.

శుక్రవారం క్లాసు మధ్యలో, మెడలో టేపు వేసుకుని ఒక దర్జీ లోపలికొచ్చాడు. ఎవరినీ పలకరించకుండా కిటికీ కొలిచాడు. కుట్టుమిషను ఇక్కడ సరిపోతుందని తనలో తనే అనుకున్నాడు.

“ఈ బోర్డు పట్టుకెళ్తారాండీ, ఉంచేస్తారా? ఉంచితే బట్ట కత్తిరించుకోవడానికి పనికొస్తుంది” అన్నాడు.

టీచరమ్మ సుద్దముక్క చేతిలో ఉండగానే కిందికి పరుగెత్తింది. అది ఖాళీ చేయడం కాదని, పాఠమని, గది వదిలే ఉద్దేశమే లేదని ఒకటే చెప్పుకుంది. పిన్నిగారు చాకు పక్కన పెట్టి ఆశ్చర్యంగా చూసింది. ఒకటో తారీకున దిగమని దర్జీకి మాటిచ్చేసిందట.

“మూడేళ్ళుగా వింటున్నానమ్మా. ఈతన్నావు, ఓడన్నావు, ఒక్కదానికీ గడప దాటలేదు. పోనీలే, ఇదొక్కటైనా చేస్తోందని సంతోషించి మాటిచ్చాను” అంది.

టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. నిజానికి వాటిలో కల్పించినవి తక్కువ. అన్నీ చేయాలని ఉన్నవే, ఎవరేమనుకుంటారోనని బోర్డు దగ్గరే ఆపేసినవి. మడతమంచం గుర్తొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది.

“నేనెక్కడికీ వెళ్ళను పిన్నిగారూ. ముప్పై ఏళ్ళు హాల్లో పడుకున్నాను. ఇంక పడుకోలేను. నాకు ఈ గది కావాలి.”

“ఇది కూడా ఉదాహరణేనా?”

“కాదండీ.”

పిన్నిగారు మళ్ళీ చాకు అందుకుని రెండు బీన్సుకాయలు తరిగింది. తర్వాత దర్జీని కిందికి పిలిచి, పక్కన ఖాళీగా ఉన్న షెడ్డు కొలుచుకోమంది. దానికి కిటికీ లేదని అతను గునిశాడు. పెట్టిస్తానంది. అతను టేపు చుట్టుకుంటూ అటు వెళ్ళాడు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుని మెట్లెక్కుతుంటే పిన్నిగారు ఆపింది.

“ఇందాక గది కావాలన్నావే, ఆ మాట మీ తమ్ముడితో ఎప్పుడైనా అన్నావా?”

“లేదండీ.”

“అనుంటే అప్పుడే గది వేయించేవాడేమో.”

టీచరమ్మ నాలుగో మెట్టు మీద అలాగే కూలబడింది. అవునేమో. తమ్ముడు చెడ్డవాడేం కాదు. అడిగితే కాదనేవాడూ కాదు. పైనుంచి డ్రైవరు తొంగిచూసి, ఈ పూటకి క్లాసు ఉన్నట్టా లేనట్టా అని మెల్లగా అడిగాడు. ఉందని చెప్పింది గాని, లేవడానికి ఆవిడకి చాలాసేపే పట్టింది.